సరుగుడు తోపులో హాజరు

ఆన్‌లైన్ చదువుల నాణ్యత తేల్చడానికి మా యూనివర్సిటీకి కమిటీ ఒకటి దిగింది. దానికి పెద్ద ప్రొఫెసర్ నరేంద్రబాబు. హాజరు నూటికి తొంభై ఎనిమిది అని తెర మీద చూసి అందరూ మురిసిపోయారు. ఆ హాజరు ఎవరిదో అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

ఆక్వాకల్చర్ పాఠాలు చెప్పే నేనే నోరు విప్పాల్సి వచ్చింది. విడవలూరు దాటాక, సముద్రపు ఒడ్డు ఊళ్లలో సిగ్నల్ అందేది సరుగుడు తోపులోనే. పిల్లలు ఫోన్లో క్లాసు ఆన్ చేసి, ఆ ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి, కొమ్మకు తగిలించి వలలు బాగుచేయడానికి పోతారు. నా పాఠం వినేది కాకులే.

"చూశారా, పిల్లల చొరవ!" అన్నారు నరేంద్రబాబు. అనడమే కాక రాసుకున్నారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

కమిటీ మంచి గ్రేడ్ ఇస్తే, ఇప్పటికే వీడియోలతో నెట్టుకొస్తున్న ప్రాక్టికల్స్‌ను ఇక ఎప్పటికీ అలాగే ఉంచి, ల్యాబ్‌ను స్టూడియో చేద్దామని పైవాళ్లు కాచుకుని ఉన్నారు. అందుకే గంగాభవానిని కమిటీ ముందుకు పిలిపించాను. చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల, ఆఖరి సంవత్సరం. ల్యాబ్ ఉంటే పని నేర్చుకుని రొయ్యపిల్లలను పొదిగించే హేచరీలో, ఒకసారి చేజారిన ఉద్యోగానికి మళ్లీ పోవాలని ఆమె ఆశ.

"మైక్రోస్కోపును వీడియోలో చూసినానే గానీ ముట్టుకోలేదు సార్. హేచరీవాళ్లు రొయ్యపిల్లకు జబ్బుందేమో చూడమన్నారు. యాడ తిప్పాల్నో తెలీలేదు. నవ్వి పంపించేసినారు. ఉన్న ల్యాబ్ మూసేస్తే మేము యాడ నేర్చుకోవాల?"

కమిటీ చప్పట్లు కొట్టింది. సిగ్గులేని చప్పట్లు.

"ఏం ధైర్యం! ఆన్‌లైన్ చదువు నేర్పిన ఆత్మవిశ్వాసం ఇదే," అన్నారు నరేంద్రబాబు. "కెమెరా పెడతాం, ఇంకోసారి చెప్పమ్మా. ఆ మైక్రోస్కోపు, హేచరీ సంగతులు మాత్రం వదిలెయ్."

"అయ్యి వదిలేస్తే నేను చెప్పేదానికేముంది సార్?" అంది గంగాభవాని. కెమెరా ముందు నిలబడి, చేతులు తిప్పుతూ, ముందు చెప్పిందే పొల్లుపోకుండా మళ్లీ చెప్పింది. ఆ పిల్లను చూసి గర్వంగా అనిపించింది.

నెల తిరక్కుండానే అన్నిటికన్నా పై గ్రేడ్ వచ్చింది. మైక్రోస్కోపులు అట్టపెట్టెల్లోకి పోయాయి. ఇప్పుడు మా యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిస్తే ముందు కనిపించేది గంగాభవానే. చేతులు తిప్పుతూ ఏదో చెబుతూ ఉంటుంది. ఆమె మాటలు తీసేసి వీణ పెట్టారు.