మైకులో హనుమంతు పేరు

తాండూరులో బోరు మోటార్లు బాగుచేసే హనుమంతుకు యంత్రాల మీదున్న నమ్మకం మనుషుల మీద లేదు. శబ్దం వింటే చాలు, మోటారుకు ఏం రోగమో చెప్పేసేవాడు. భార్య రాధమ్మకు మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆయనకేమీ తోచలేదు. ఆమె ఒకసారి బజారుకని వెళ్లి దారి తప్పాక, ఒక చేతిగడియారం తెప్పించాడు. అది ఎక్కడుంటే ఆయన ఫోను మ్యాపులో అక్కడ నీలం చుక్క కనబడుతుంది.

"ఇగ ఫికర్ లేదు. మీ అమ్మ యాడికి పోయినా నా జేబుల ఉన్నట్టే," అని వికారాబాదులో ఉండే కూతురు దేవికకు ఫోనులో గొప్పగా చెప్పాడు.

"అది పెట్టుకుంటవా అని అమ్మను అడిగినవా నాయినా?"

"మోటారుకు స్టార్టర్ పెట్టేటప్పుడు మోటారును అడుగుతమా బిడ్డా?"

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది.

డాక్టరుకు చూపించడానికి ఇద్దరూ రైల్లో వికారాబాదు వెళ్లారు. స్టేషనులో దిగి, దేవికకు ఫోను చేసి వెనక్కి తిరిగేసరికి రాధమ్మ లేదు. హనుమంతు కంగారుపడలేదు. దర్జాగా ఫోను తీసి చుక్కను చూశాడు. దగ్గర్లోనే ఉంది. ఆయన నడిస్తే అదీ కదిలింది. జోరుగా నడిస్తే అదీ జోరందుకుంది.

"ఈ వయసుల గంత ఉరుకుడేందే!" అని ఆయాసపడుతూ వంతెన ఎక్కాడు, దిగాడు, బయట ఆటోల మధ్య తిరిగాడు. చుక్క ఆయనను వదలదు, రాధమ్మ కనబడదు. చెమట తుడుచుకుందామని భుజాన ఉన్న సంచిలో తువ్వాలు కోసం చెయ్యి పెడితే గడియారం తగిలింది. రాధమ్మ రైల్లోనే విప్పి అందులో వేసినట్టుంది. ఇంతసేపూ ఆయన తన వెంట తనే పడ్డాడు.

అప్పుడే స్టేషను మైకు మోగింది.

"తాండూరు హనుమంతు గారు తప్పిపోయారు. ఎక్కడున్నా స్టేషను ఆఫీసుకు రావలెను. మీ భార్య ఎదురుచూస్తున్నారు."

పరుగెత్తుకెళితే రాధమ్మ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతోంది. "గీయన గంతే సారూ, ఫోను చూసుకుంట ఎటో పోతడు. జర మతి తక్కువ," అని అక్కడి ఉద్యోగికి చెబుతోంది. ఆ మనిషి హనుమంతును జాలిగా చూశాడు. హనుమంతు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

బయటికొచ్చాక మొదటిసారి అడిగాడు: "గడియారం ఎందుకు తీసినవే?"

"మెరుస్తది. గిదేంది, గిదేంది అని అందరు అడుగుతరు. నాకు జవాబు యాదికి రాదు."

"మరి యాడ పెట్టుకుంటవ్?"

ఆమె నడుముకు దోపుకున్న వక్కల సంచిని తట్టింది. ఆ సాయంత్రమే దేవిక గడియారం పట్టీ ఊడదీసి, సంచి లోపల చిన్న జేబు కుట్టి అందులో పెట్టింది.

"నీ చుక్క గూడ నాకు కనబడాలె," అంది రాధమ్మ.

హనుమంతు ఆమెకూ ఒక ఫోను కొన్నాడు. అందులో చుక్కను ఎలా చూడాలో ఆమె రోజూ మరిచిపోతుంది. ఆయన పక్కన కూర్చుని తనే తెరిచి చూపిస్తాడు.

"ఇగో, నేను ఈడున్న."

"కనబడుతున్నవ్ తియ్యి," అంటుంది ఆమె, ఫోను వైపు చూడకుండానే.