పడవ ముందు కుర్చీ

జగిత్యాలలో లారీల బ్రేకులు బాగుచేసే తాజుద్దీన్‌ది ఒకటే మాట: బరువును ఏ దున్నపోతైనా లాగుతుంది, ఆపడానికే అకల్ కావాలి. ఈ మాట విని లారీ ఓనర్లు తలూపేవారు. తలూపనిది ఒక్క జైనాబీయే. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆమె మొగుడి పనిని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. అన్నం చల్లారిపోతుందనీ, అంగీలకు పట్టిన గ్రీజు చచ్చినా వదలదనీ, ఆ చక్రాల కింద నీకేం దొరుకుతుందనీ సణుగుతూనే ఉండేది. బయట ఎంతమంది శభాష్ అన్నా తాజుద్దీన్‌కు ఆ ఒక్క లోటు అట్లాగే ఉండిపోయింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసుల్లేవు. ఆ బందు నడుమే కోరుట్లలోని ఒక వెల్డింగ్ షెడ్డులో ముప్పై అడుగుల ఇనుప పడవ తయారై కూర్చుంది. దాన్ని చేయించింది గంభీరావుపేట దగ్గరి కూలీ ఆడవాళ్ల సంఘం. వాళ్ల ఊరు మానేరు ప్రాజెక్టుకు ఈ గట్టున, కూలి దొరికే పొలాలు ఆ గట్టున. పడవను ట్రాలీ మీదికెక్కించి, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల మీదుగా లాక్కుపోవాలి. దారిలో పల్లానికి జారే దిగుడు రోడ్లున్నాయి. సంఘం పెద్ద దుర్గవ్వ ఆ పనికి బండిని ఎంచుకోవడానికి కోరుట్లకొచ్చింది.

ముగ్గురు పోటీపడ్డారు. ఒకడు ట్రాక్టరు ఆసామి. తన ఇంజను ఏనుగును లాగుతుందన్నాడు. రెండోవాడు పన్నెండు టైర్ల కొత్త లారీ ఓనరు. తన బండి ఏనుగునూ, ట్రాక్టరునూ కలిపి లాగుతుందన్నాడు. మూడోది తాజుద్దీన్ కొడుకు ఆమిర్ అప్పోసప్పో చేసి కొన్న పాత లారీ. దానికిదే మొదటి కిరాయి. ఇది పోతే ఆమిర్ మళ్లీ పరాయి బండి స్టీరింగు పట్టాల్సిందే.

"పాత లారీయే గని బరువున్నది దుర్గవ్వా," అన్నాడు తాజుద్దీన్. "తేలిక బండైతే దిగుట్ల పడవే దాన్ని ఎన్కనుంచి నూకుతది. అందుకే ట్రాలీ చక్రాలకు గాలి బ్రేకులు పెట్టిన. లారీ కన్న ముందు ట్రాలీయే పట్టుకుంటది."

"అందరు అన్ని చెప్తున్నరు భాయ్. నాకెట్ల ఎర్కైతది?"

తాజుద్దీన్‌కు ఒక అలవాటుంది. బండికి కొత్త బ్రేకులు వేశాక రోడ్డు మీద సున్నంతో గీత గీసి, నలభై అడుగుల అవతల కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బండి ముప్పై స్పీడులో వచ్చి గీత మీద బ్రేకు తొక్కాలి. ఇన్నేళ్లలో అతనికి చిన్న గీరుడు కూడా పడలేదు. ఆ సంగతే గొప్పగా చెప్పాడు.

దుర్గవ్వ నవ్వింది. "నీ చేతి పని మీద నీకు నమ్మకముంటది, అండ్లేమున్నది? రేపు ఆ రోడ్డు మీద నా కోడండ్లు, బిడ్డలు నడుస్తరు. ముగ్గురికి చెప్తున్న, ఎవని ఇంటి మనిషి ఆ కుర్చీల కూసుంటే వానిదే కిరాయి."

ఊరి బయట ఆ షెడ్డు ముందే, రోడ్డు మీద వండుకు తినే వంటావార్పు నిరసన నడుస్తోంది. సమ్మెలో ఉన్న జలపతి సారు పెద్ద గిన్నెలో కిచిడీ కలియబెడుతూ ఈ పంచాయితీ విన్నాడు. కూలి జనం పడవ కాబట్టి సమ్మెకు అడ్డం కాదని తీర్పిచ్చి, డప్పుల వాళ్లను కూడా పిలిచాడు. చూస్తుండగానే రెండు వందల మంది గంటెలతో, ప్లేట్లతో రోడ్డుకు రెండు పక్కలా చేరారు.

ట్రాక్టరు ఆసామి ఇంటికి ఫోను చేశాడు. అవతల పెళ్లాం ఇచ్చిన జవాబు డప్పుల మీదుగా కూడా వినిపించింది. ఆయన ఫోను జేబులో వేసుకుని ట్రాక్టరు తిప్పుకున్నాడు. పన్నెండు టైర్ల ఓనరు, తల్లికి నడుము నొప్పి, పెళ్లానికి ఒక్కపొద్దు, తమ్ముడేమో సమ్మెలో ఉన్నాడు కనుక కూర్చోలేడన్నాడు. సమ్మెలో ఉన్నవాళ్ల పనే కూర్చోవడం కదా అని జనం విరగబడి నవ్వారు.

ఆ రోజు కోరుట్లలో చెల్లెల్ని చూడాలని జైనాబీ కూడా లారీలో వచ్చింది. టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, సున్నపు గీతకు అవతల వేసిన కుర్చీలో పోయి కూర్చుంది.

తాజుద్దీన్‌కు తను కూర్చున్నప్పుడు ఏనాడూ రాని అనుమానాలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. లారీ కింద దూరి చక్రం చక్రం చూశాడు. గాలి పైపు చూశాడు. బయటికొచ్చి మళ్లీ దూరాడు. మూడోసారి దూరబోతే ఆమిర్ కాలు పట్టి లాగాడు.

"అబ్బా, ఇగ చాలు. ఎక్కు."

లారీ కదిలింది. వెనక ట్రాలీ మీద పడవ, దాని వెనక పిల్లలు. ఎదురుగా కుర్చీలో జైనాబీ పెద్దదవుతూ వస్తోంది. గీత ఇంకా వంద అడుగులుందనగా తాజుద్దీన్ "ఆపురా" అని కేకేసి, తనే హ్యాండ్ బ్రేకు లాగేశాడు. లారీ, పడవ ఎక్కడివక్కడ నిలిచాయి. డప్పులు ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇది పరీక్ష కాదు భాయ్," అంది దుర్గవ్వ. "గంత దూరంల నా ఎడ్లబండి గూడ ఆగుతది."

జైనాబీ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. ఇంట్లో ఉర్దూలో తిట్టేది కానీ, పదిమంది వినాల్సిన తిట్లు తెలుగులోనే తిట్టేది. "ఇన్నేండ్లసంది చక్రాల కింద పండుకుంటివి. నీ పని మీద నాకున్న నమ్మకం నీకు లేదా? దిగు కిందికి. పోరడు నడుపుకుంటడు."

తాజుద్దీన్ దిగాడు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. కుర్చీ పక్కన, తారు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. లేచి పొమ్మని ఆమె అనలేదు.

ఆమిర్ లారీని వెనక్కి తీసుకుపోయి మళ్లీ వదిలాడు. ఈసారి గీత దాకా వచ్చాకే తొక్కాడు. గాలి బుస్సుమంది. ముందు ట్రాలీ పట్టుకుంది, తర్వాత లారీ పట్టుకుంది. బంపరు వాళ్లకు బారెడు దూరంలో ఆగింది. ఇంజను వేడి ఇద్దరి ముఖాలకూ తగిలింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. జలపతి సారు గంటె పట్టుకునే ఎగిరాడు.

"ఆమిర్‌దే కిరాయి," అంది దుర్గవ్వ.

తాజుద్దీన్‌కు లేవబుద్ధి కాలేదు. చూస్తే తన చేతిలో జైనాబీ చెయ్యి ఉంది. అది అతని వేళ్లను వదలడం లేదు.

"భయమైందా?" అని మెల్లగా అడిగాడు.

"కాదా మరి? పానం పోయినంత పనైంది."

"మరెట్ల కూసున్నవ్?"

"బ్రేకులు వేసింది నువ్వు గదా," అంది జైనాబీ.

తాజుద్దీన్ జేబులోని గ్రీజు గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా నల్లబడింది. జనం పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ అతనే నవ్వాడు.