మూడు విజిల్స్‌కి కట్టెయ్యండి

మా అత్త విమలమ్మ నా కోసం ప్రార్థన చేసింది. నేను ఆవిడ పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో చాప మీద కూర్చునున్నాను. "దూరదేశంలో ఒంటరిగా ఉజ్జోగం సేసుకుంటన్న మా కోడలు ఫ్లోరాకి తోడుగా ఉండు ప్రభువా" అంది కళ్లు మూసుకుని. మా ఆయన టిమోతి ఆమెన్ అన్నాడు. పదేళ్ల మా గ్రేసీ ఆమెన్ అంది. అలవాటుకొద్దీ నేనూ అనేశాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ నాలిక్కరుచుకోలేదు. నేను మాల్దీవుల నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులు, అన్నాళ్లూ చుట్టాలు పంపిన క్యారేజీలే తిన్నాం.

అక్కడ ఐదేళ్లు చేశాను. మా విశాఖ ఉక్కునగరంలో ఒక సెక్టారంత ఉంటుంది ఆ దీవి. ఈ చివర స్కూలు, ఆ చివర పడవల రేవు. పెద్ద క్లాసులకి లెక్కలు నేనే. ఇంకో టీచరుతో కలిసి ఒక గది, రోజూ అదే చేప, తాగడానికి వాన నీళ్లు. నాకేం కష్టం అనిపించలేదు, ఎందుకంటే స్టాఫ్‌రూమ్‌లో నేను మాట్లాడితే వినేవాళ్లు. సిగ్నల్ కోసం మాత్రం సాయంత్రం రేవు దాకా నడవాలి. పిల్లలు ఈత కొడుతుంటే నేను గట్టు మీద నిలబడి ఫోన్లో కాపురం చేసేదాన్ని. కాల్ చేస్తే తెగిపోయేది, అందుకని వాయిస్ మెసేజ్‌లు పెట్టేదాన్ని. పప్పెలా, ఇడ్లీ పిండెలా, అత్తకి బీపీ మాత్ర ఎప్పుడు, గ్రేసీ జడకి నూనె ఎంత.

నేను దిగిన రోజే టిమోతి గొప్పగా చెప్పాడు. "నీ వాయిస్సులన్నీ పాత ఫోన్లోకి ఎక్కించీసినాను. దేనికది వేరేగా. నువ్వు లేని లోటే లేదు మాకు." మెచ్చుకున్నాడనుకుని నవ్వాను. సిగ్గులేకుండా నవ్వాను.

మళ్లీ వస్తానో రానో శుక్రవారం లోపు అక్కడి హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పాలి. రానని చెప్పేద్దామనే వచ్చాను. గ్రేసీ నా భుజం దాకా పెరిగిపోయింది, ఆ పెరగడం నేను చూళ్లేదు. ఆ పొద్దున ప్రార్థనయ్యాక, నాలుగు రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట టిమోతికి చెప్పాను. "ఇంక వెళ్లనండీ, ఇక్కడే ఉండిపోతాను."

"ఉండిపోయి ఏటి సేత్తావ్?" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. నిజంగానే అర్థంకాక అడిగాడు. "ఇల్లు నడుస్తంది కదా."

"అక్కడ టీచరమ్మా అని దండాలెడతారు. ఇక్కడ నిన్నెవులు సూస్తారే?" అంది అత్త.

"నాకీవేళ బి షిఫ్టు. మధ్యాన్నం దాకా పడుకోనీ" అని ఆయన దుప్పటి ముసుగుతన్నేశాడు.

గోడకి ఆనుకుని ఉండిపోయాను. చచ్చిపోయిన మనిషి తన ఇంటికి తిరిగొస్తే ఇలాగే ఉంటుందేమో. అందరూ బాగానే ఉంటారు, ఫొటోకి దండ కూడా వాడిపోదు.

అప్పుడు వంటింట్లోంచి నా గొంతు వినపడింది.

"ఏవండీ, కందిపప్పు కింద అరలో ఉంది. ఒక గ్లాసు చాలు. రెండుసార్లు కడగండి..." వెనకాల అలలు. నా గొంతే. ఇక్కడ ఏవండీ ముసుగులో గురక పెడుతున్నాడు. మరి వంటింట్లో ఎవరు?

వెళ్లి చూశాను. గ్రేసీ. స్కూల్ యూనిఫాం మీద నా పాత చున్నీ నడుముకి బిగించి, స్టూలెక్కి పప్పు కడుగుతోంది. ఉప్పు డబ్బాకి ఆనించి ఫోను. నా గొంతుతో పాటు దాని పెదాలు కదులుతున్నాయి, జపంలాగ. మెసేజ్ మధ్యలో నేనొకసారి దగ్గాను. ఆ దగ్గు దగ్గర అదీ ఆగింది. దగ్గయ్యాక మళ్లీ అందుకుంది. "మూడు విజిల్స్‌కి కట్టెయ్యండి."

"ఎప్పట్నుంచే ఇది?"

"సెకండ్ క్లాస్ నుంచి."

"నాన్న చెయ్యడా?"

"నాన్నకి షిఫ్టులు కదమ్మా. నాన్నమ్మకి మోకాళ్లు. అన్నీ నువ్వు చెప్తావు కదా, ఈజీయే" అంది గర్వంగా. మణికట్టు మీద కాలిన మచ్చ. పాతది, మానిపోయింది. ఆ మచ్చ గురించి నాకెవరూ మెసేజ్ పెట్టలేదు.

ఐదేళ్లు నా మొగుడు వండుతున్నాడని స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు పోయాను. "అదృష్టవంతురాలివి" అంటే తలూపాను. అందులో మూడేళ్లు, ఏవండీ, ఏవండీ అని సముద్రం అవతల నుంచి నేను పురమాయించిన ప్రతి పనీ ఏడేళ్ల పిల్ల చేతుల్లో పడింది. మగాడి చేత పని చేయిస్తున్నాననుకుని నా కూతురికి మేస్త్రీనయ్యాను.

"చిన్నపిల్ల చేత ఇన్నాళ్లూ..." అంటూ అత్త మీదికి వెళ్లాను.

"ఆడపిల్ల కాదేటి, నేర్సుకుంటంది. అయినా మేం సెప్పినామేటి? రోజూ సెప్తంది నువ్వే కదా" అంది, ఒత్తుకుంటున్న మోకాలి మీంచి చెయ్యి తియ్యకుండా.

నేనుండిపోతే? రేపట్నుంచి ఆ పొయ్యి ముందు నేనుంటాను. గ్రేసీ పక్కన నిలబడి చూస్తుంది. ఫోన్లో విని నేర్చుకున్నది కళ్లారా చూసి నేర్చుకుంటుంది. అంతే తేడా.

హెడ్‌మిస్ట్రెస్‌కి అక్కడే నిలబడి రాశాను. వస్తున్నాను, నాతో పాటు మా అమ్మాయి కూడా, ఐదో క్లాసులో సీటు కావాలి అని. ఆవిడ ఆ పొద్దున రేవు దగ్గరున్నట్టుంది, టిఫిన్ టైముకే జవాబొచ్చింది, తీసుకురమ్మని.

టిమోతిని లేపి చెప్పాను. ముసుగు తీసి లేచి కూర్చున్నాడు. "పిల్లని తీసుకుపోతావా? బుర్రుందా? గ్రేసీ లేకపోతే ఇల్లెలాగే?"

నేను లేకపోయినా నడిచే ఇల్లు, పదేళ్ల పిల్ల లేకపోతే నడవదట. ఆయన నోటితోనే అన్నాడు. అన్నానని కూడా ఆయనకి తెలీలేదు.

గ్రేసీని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అక్కడ స్కూలు కిటికీలోంచి సముద్రం కనపడుతుందని, ఈత నేర్పిస్తానని, ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటామని చెప్పాను. దాని కళ్లు ఇంతయ్యాయి. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు మొహం చిన్నదైపోయింది.

"మరి నాన్నకి అన్నమో?" అంది.

ఆ దీర్ఘం నాది. ఆ దిగులు నాది. జవాబు నా నోటిదాకా వచ్చేసింది, బియ్యం ఎంత, నీళ్లెన్ని, కూర ఏది, మొత్తం వరసగా.

పళ్లు బిగపట్టాను. ఐదేళ్లలో మొదటిసారి, నేనేమీ చెప్పలేదు.