బసవపున్నయ్య తాళం

రేపల్లె అవతల చేల మధ్య ఒక కరెంటు స్టేషన్ ఉంది. ఏసీని డీసీగా మార్చి దూరాలకు పంపుతారక్కడ. ఆ పని జరిగే హాలు మామూలు హాలు కాదు, రెండు సినిమా హాళ్లంత. కప్పు నుంచి వేలాడే టవర్లు, ఒక్కోదానిలో సెల్స్ అనే చిన్న యూనిట్లు వందల కొద్దీ. ఒక్కో సెల్ తన వంతు కాస్త వోల్టేజీ కలుపుతుంది, అన్నీ కలిస్తే లక్షల వోల్టులు. ఒకటి పాడైతే దాన్ని పక్కకు తప్పించి మిగతావి పని నడిపించేస్తాయి. ఊళ్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. లైను ఆపినప్పుడు ఆ పాడైనవాటిని మార్చడం షాహీనా పని.

తెనాలిలో ఒక్క గదిలో ఉంటూ రైల్లో వచ్చి పోతుంది. కాంట్రాక్టు మీద చేరి ఎనిమిది నెలలైనా, "ఏమ్మా, టిఫినైందా?" అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. తోటి మెకానిక్కులు ఆకాష్, దీపక్ ఒకచోట కూర్చుని తింటారు. ఆమె మెట్ల మీద ఒక్కతే తింటుంది.

హాల్లోకెళ్లే ప్రతి మనిషీ తలుపు బయట పక్కనున్న పెట్టెకు తన పేరున్న తాళం వేసి వెళ్లాలి. తాళం ఉన్నంతసేపూ కరెంటు ఇవ్వకూడదు. షాహీనాకి మాత్రం రిటైరైన బసవపున్నయ్య తాళమే ఇచ్చి, "పేరు తర్వాత మార్పిద్దాంలే" అన్నారు. మూడుసార్లు అడిగింది. ఆపైన విసుగొచ్చి నోరు మూసుకుంది.

ఆ మధ్యాహ్నం లిఫ్టు మీద నిలబడి పై వరుసలో చివరి సెల్ బిగిస్తుంటే సైరన్ మోగింది. కరెంటు ఇచ్చే ముందు మోగే సైరన్! తలుపవతల ఏం జరిగిందో ఆమెకి తర్వాత గానీ తెలియలేదు. అప్పటిదాకా లోపలే పనిచేస్తున్న ఆకాష్, దీపక్ పొన్నూరు బస్సుకి ఆలస్యమైందని మాట మాత్రం చెప్పకుండా తమ తాళాలు తీసుకుని పోయారు. మిగిలిన తాళం మీద పేరు చూసి, షిఫ్టు ఇన్‌చార్జి జయకృష్ణ కట్టర్‌తో కోయించేశాడు.

ఎవరో ఒకరు పేరు పెట్టి కేకేస్తారని ఒక్క క్షణం ఆగింది షాహీనా. ఆ కేక రాలేదు.

లిఫ్టు నత్తలా దిగుతోంది. నేలకింకా మనిషెత్తు ఉండగానే దూకేసింది. మోకాలు చీరుకుపోయినా పరుగెత్తి, తలుపు లోపలి పక్కన కరెంటు రాకుండా ఆపే ఎర్ర బటన్ మీద రెండు చేతులూ వేసి నొక్కింది. సైరన్ ఆగింది.

తలుపు తెరిచిన జయకృష్ణ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అయ్యో అయ్యో, ఎంత ఘోరం జరిగిపోయేదమ్మా! తాళం మీద బసవపున్నయ్య అనుంది. ఆయన ఇప్పుడు లేడు కదా అని..."

"ఆయన వెళ్లి ఎనిమిది నెలలైందండి! ఇన్నాళ్లూ ఆయన పని ఎవరు చేస్తున్నారనుకున్నారండీ?"

ఎన్నడూ గొంతెత్తని మనిషి, హాలు దద్దరిల్లేలా అరిచింది. జయకృష్ణ అప్పటికప్పుడు కొత్త తాళం తెప్పించాడు. పేరు రాద్దామని పెయింటు పెన్ను మూత తీసి, ఆగిపోయాడు.

"మీ పేరేంటమ్మా?"

చావు తప్పినప్పుడు రాని ఏడుపు షాహీనాకి అప్పుడొచ్చింది.