పదకొండు ఫుట్‌నోట్లు

రెండు పేపర్లలో ఏది ఎవరిదో కనిపెట్టడానికి ఫుట్‌నోట్ మాస్టారికి అరనిమిషం కూడా పట్టలేదు.

మతబోధకులను తయారుచేసే ఆ సెమినరీలో పర్మనెంట్ పోస్టు ఇచ్చే పద్ధతి గట్టిది. ఏడేళ్లు తాత్కాలికంగా పాఠాలు చెప్పినవాళ్లు ఒక పేపరు రాసివ్వాలి. పేర్లు తీసేసి, ఒకటి, రెండు అని అంకెలు వేసి ముగ్గురు పరీక్షకుల చేతిలో పెడతారు. రాసిందెవరో పరీక్షకుడు ఆరా తీయకూడదు, ఊహించి మార్కులు వేయకూడదు. అలా చేశాడని తేలితే అతని మార్కులు చెల్లవు, అతని ఉద్యోగమూ ఉండదు. ఉన్న పోస్టు ఒక్కటే. నెగ్గినవాళ్లు రిటైరయ్యేదాకా ఉంటారు. ఓడినవాళ్లు నెలాఖరుకి క్వార్టర్స్ ఖాళీ చేయాలి.

ఈసారి పరీక్షకుల్లో మాస్టారొకరు. బరిలో ఇద్దరు. ఒకరు మాస్టారి శిష్యురాలు. పవిత్ర గ్రంథాన్ని మొదట రాసిన ప్రాచీన భాషను ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకుని నేర్చింది, ఇప్పుడు అదే భాష బోధిస్తోంది. రెండోవాణ్ని అందరూ గంటస్తంభం అంటారు. మనిషి ఆరడుగులపైనే. క్లాసుకి నిమిషం ముందూ రాడు, నిమిషం వెనకా రాడు.

ఏ పుస్తకం చేతికొచ్చినా మాస్టారు ముందు చూసేది పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాలే, తన పేరుందేమోనని. ఫుట్‌నోట్ మాస్టారన్న ముద్దుపేరు అలా వచ్చిందే. ఒకటో పేపర్లో ఆయన పేరు పదకొండుసార్లుంది. రెండోదాంట్లో ఒక్కసారీ లేదు. పైగా ముప్పయ్యేళ్ల కిందట ఆయన రాసిన వ్యాఖ్యానాన్ని పేరెత్తకుండానే ఉతికి ఆరేసింది.

'నా పిల్ల నన్ను మర్చిపోతుందా?' అని మురిసిపోయి, ఒకటో పేపరుకి తొంభై అయిదు వేశారు. రెండోదానికి ముప్పై.

మర్నాడు పది గంటలకు కమిటీ గదిలో ప్రిన్సిపాల్ మార్కులు చదివాడు.

"నేను ఒకటికి డెబ్భై నాలుగు, రెండుకి డెబ్భై ఎనిమిది. లైబ్రరీ అమ్మగారు డెబ్భై ఆరు, ఎనభై. మాస్టారు తొంభై అయిదు..." కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ముప్పయ్యా? ఏంటి మాస్టారూ, మరీ అంత కోపమా?"

"సరుకు లేదండీ," అన్నారు మాస్టారు.

"నాకు బోలెడు కనిపించింది మరి," అంది లైబ్రరీ అమ్మగారు. "మీ కళ్లద్దాలు మార్చాలేమో."

ప్రిన్సిపాల్ నవ్వుతూ సీలు కవరు చింపి, చీటీ చదివాడు.

"నెగ్గింది ఒకటో పేపరు. గంటస్తంభం!"

మాస్టారు చీటీ లాక్కుని చూశారు. రెండో అంకె పక్కన ఆయన శిష్యురాలి పేరుంది.

"మీ పిల్ల కదా, మీరే మెల్లగా చెప్పండి," అన్నాడు ప్రిన్సిపాల్.

వరండాలో బెంచీ మీద ఆమె ఒక్కతే ఉంది. పదిన్నరకి రమ్మన్నారు గనుక గంటస్తంభం ఇంకా రాలేదు. మాస్టారి ముఖం చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"పోనీలెండి మాస్టారూ. ఇంకెక్కడైనా చూసుకుంటాను."

"నా పేరు ఒక్కచోట కూడా రాయలేదేంటమ్మా?" ఆయన గొంతు కీచుగా వచ్చింది.

"రాస్తే నాదని పట్టేస్తారుగా! మీరు ఇరకాటంలో పడతారని ఏరేరి తీసేశాను. మీ వ్యాఖ్యానంలో తప్పు దిద్దడానికి మాత్రం మనసు రాలేదు. తప్పని తోస్తే నన్ను కూడా వదలొద్దని మీరేగా అన్నారు!"

మాస్టారు మనసులోనే మార్కులు కూడారు. తను అడ్డు రాకపోయి ఉంటే? ఆమెకి నూట యాభై ఎనిమిది, గంటస్తంభానికి నూట యాభై. ఈ పిల్ల గెలిచేది. గొంతు కోసింది తన కలమే.

ఆయన గిరుక్కున తిరిగి గదిలోకి వెళ్లారు. తలుపు వేయడం కూడా మర్చిపోయారు.

"నా మార్కులు కొట్టేయండి. ఎవరిదో ఊహించి వేశాను. ఒకటోది నా పిల్లదనుకుని ఎత్తేశాను, రెండోది గంటస్తంభానిదనుకుని తొక్కేశాను."

లైబ్రరీ అమ్మగారి చేతిలోంచి పెన్ను జారి బల్ల కిందకి దొర్లిపోయింది.

"ఏమన్నారో తెలుస్తోందా మాస్టారూ?" ప్రిన్సిపాల్ అన్నాడు. "మీ ఉద్యోగం పోతుంది."

"పోనీండి. పోస్టు ఆ పిల్లది."

గుమ్మంలో అలికిడైంది. శిష్యురాలు నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. పోస్టు వచ్చిన మనిషి ముఖంలా లేదు అది. నెత్తురు చుక్క లేదు.

"మాస్టారూ, ఒక్క మాట. ఆ ముప్పై మార్కుల పేపరు నిజంగా అతనిదే అయ్యుంటే... ఇప్పుడిలా లోపలికొచ్చి చెప్పేవారా?"

వరండా చివర నుంచి గంటస్తంభం బూట్ల చప్పుడు వినిపిస్తోంది. సరిగ్గా పదిన్నర.

మాస్టారు గుమ్మం వైపు చూడలేక తల దించుకున్నారు.