మాసిన గడ్డి

ఒక్క పెంటికైనా పడలేదు, పొద్దుటి నుంచి లేదు, నిన్న సాయంత్రం నుంచీ లేదు, గూట్లో పరిచిన కాగితం ఇస్త్రీ దుప్పటిలా తెల్లగా మెరుస్తోంది, ఇంకో రోజైతే ఆ తెలుపు చూసి ఆమెకు కడుపు నిండేది, ఇవాళ అదే తెలుపు చూడలేక కాగితం అంచు ఎత్తి కిందకూడా వెతుకుతోంది, ఎవరైనా వింటే నవ్విపోతారు, ఆసుపత్రి లాండ్రీలో సగం జీవితం నెత్తుటి దుప్పట్లూ చీము గుడ్డలూ ఉడకబెట్టిన మనిషి, అందరూ సబ్బక్కా అని పిలిచే మనిషి, సెలవు పెట్టి మరీ నేలమీద మోకాళ్లేసుకుని, ఒక కుందేలు ఎప్పుడు దొడ్డికి పోతుందా అని కాపలా కాస్తోంది, అదేమో మూలకు ముడుచుకుపోయి, బూడిదరంగు ముద్దలా, చెవులు వీపుకు అతికించుకుని పళ్లు కొరుకుతోంది, హాయిగా ఉన్నప్పుడు కొరికే తీరు వేరు, ఇది నొప్పమ్మా అంది పొద్దున జంతువుల డాక్టరమ్మ, పొట్ట తడిమి చూసి, పేగులు ఆగిపోయాయి, కుందేలు కడుపంటే ఆపకూడని మర, గడ్డి పడుతూనే ఉండాలి, బెదిరితే తినదు, తినకపోతే మర ఆగుతుంది, ఆగితే గాలి పట్టేస్తుంది, సూది వేశాను, గుజ్జు పట్టించాను, ఇక అది తనంతట తను గడ్డి నమలాలి, సాయంత్రం దాకా చూడు, నమలకపోతే వెంటనే తీసుకురా, కానీ మరీ ఆశ పెట్టుకోకు అని, ఆ చివరి ముక్క గొంతు తగ్గించి చెప్పి, తర్వాత బుట్ట దగ్గరకు ముక్కు పెట్టి, ఏమిటీ వాసన అని అడిగింది, ఫినాయిలండీ, రోజూ రెండుపూటలా కడుగుతున్నానండీ అని ఆమె గొప్పగా చెప్పింది, డాక్టరమ్మ మొహం చూశాక గానీ అది గొప్ప కాదని తెలియలేదు.

కడగకపోతే ఎట్లా మరి, మురికిని మురికి అనక మల్లెపువ్వు అంటారా, దిక్కులేని జంతువుల ఆశ్రయంలో కుందేల్ని ఇచ్చినప్పుడు ముసలాయన దాంతోపాటు ఓ సంచీడు గడ్డి చేతిలో పెట్టాడు, అది పడుకున్న గడ్డి, ఉచ్చ కంపు, దీన్ని కూడా పక్కనే ఉంచమ్మా అన్నాడు, సరే అని తలూపి, వీధి మలుపు తిరగ్గానే చెత్తకుండీలో కుమ్మరించింది, మాసినదాన్ని ఇంట్లోకి రానిచ్చే రకమా తను, కొత్త గడ్డి కొంది, పచ్చగా, దుమ్ము దులిపి మరీ వేసింది, ఇక తెల్లారేసరికి ఆ మెత్తటి పెంటికలు, మామూలువాటిలా గుండ్రంగా ఎండి ఉండవు, ద్రాక్షగుత్తిలా జిగురుగా, అది తల కిందికి వంచి తన వెనకనుంచే నోటితో అందుకోబోతే, ఛీ పాడు అని మూతిమీద ఒక్కటిచ్చి తడిగుడ్డతో తుడిచేసింది, మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే, అయ్యో పిచ్చితల్లీ అని నెత్తి కొట్టుకుంది డాక్టరమ్మ, అది దాని భోజనం, ఒకసారి అరిగినదాన్ని రెండోసారి తింటేనే దానికి సత్తువ, నువ్వు రోజూ దాని ముందున్న కంచం లాక్కున్నావు, అవునులే, చదువుకున్నవాళ్లు అన్నీ చెడ్డాకే చెప్తారు, ముందే చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది, అని లోపల రుసరుసలాడింది గానీ ఎవరి మీద రుసరుస, పాత గడ్డి ఉంచమని ముందే చెప్పాడుగా ముసలాయన, డాక్టరమ్మేమో, ఆశ్రయంవాళ్లిచ్చిన పాత గడ్డి ఉందిగా, ఇంటికెళ్లి అది ముందు వెయ్యి, సొంత వాసన తగిల్తే బెదురు తగ్గుతుంది అంటే, ఆ, ఉందండి అనేసింది, సిగ్గేసి అనేసింది, సిగ్గు చూడు ఎంత పని చేస్తుందో, ప్రాణం పోతోందిరా బాబూ అంటే అది గుమ్మం దగ్గర నిలబడి జుట్టు సవరించుకుంటుంది.

చెల్లెలి కూతురు దీనికి ముక్కు అని పేరు పెట్టింది, ఒళ్లంతా రాయిలా బిగుసుకుని ఉన్నా ముక్కొక్కటే ఆడుతుందని, ఆ పిల్ల నవ్వినట్టు మొహం పెట్టింది ఆ ఒక్కసారే, వచ్చిన రోజున ముక్కు గూట్లో నాలుగు మూలలూ తిరిగి తిరిగి వాసన చూస్తుంటే పిల్ల అంది, పెద్దమ్మా, వెతుక్కుంటోంది, ఏం వెతుక్కుంటోందే, గడ్డంతా మూతిముందే ఉంటేనూ, కాదు పెద్దమ్మా, తననే వెతుక్కుంటోంది, నీ మాటలు నువ్వూ, పోయి చెయ్యి కడుక్కో, అని కసిరింది అప్పుడు, ఇప్పుడు మోకాళ్ల కింద నేల చల్లగా ఎక్కుతుంటే ఆ మాట మళ్లీ వినిపించింది, ఎందుకంటే చెల్లెలు పోయిన మర్నాడే తను ఏం చేసింది, ఏడ్చిందా, కూర్చుందా, లేదు, మంచం మీది దుప్పటీ, తలగడ గలీబూ, తువ్వాళ్లూ, అల్మరాలో ఉన్నవన్నీ మూటకట్టింది, లాండ్రీకి మోసుకెళ్లి బుడగలు కక్కే నీళ్లలో పడేసింది, ఉన్ని స్వెట్టరు చెయ్యి ఒకటి పిల్ల పట్టుకుంది, వదలవే, జబ్బుమనిషి వేసుకుంది, పురుగులుంటాయి, వదులు అంటే వదిలేసింది, గొడవ చెయ్యలేదు, గొడవ చేసినా బాగుండేది, సాయంత్రం బ్లీచింగు కంపుతో మడతపెట్టి తెచ్చిచ్చింది, తళతళలాడుతోంది చూడు అని కూడా అంది, పిల్ల దాన్ని ముక్కుకు ఆనించుకుని, తీసి, మళ్లీ ఆనించుకుని, మడత చెదరకుండా తిరిగిచ్చేసింది, ఎవరికన్నా ఇచ్చెయ్ పెద్దమ్మా, చిన్నదైపోయింది అంది, తల్లి స్వెట్టరు దానికి చిన్నదవడమేమిటి, అప్పుడు అడగలేదు, అప్పటినుంచే పిల్ల కంచంలో అన్నం అటు జరిపి ఇటు జరిపి, తిన్నాను అంటుంది, మెడ ఎముకలు తేలాయి, బడి టీచరమ్మ ఏదన్నా ఒక ప్రాణిని ఇంట్లోకి తెండి, దానికి పెడుతూ తనూ తింటుంది అంటే కుందేల్ని తెచ్చింది, తెచ్చి దాన్నీ ఉతికింది, ఇప్పుడు పిల్ల బడినుంచి వచ్చేసరికి ఇది గనక కాళ్లు చాపేస్తే, ఆపైన ఆ పిల్ల ముద్ద మింగదు, తనకు తెలుసు, లే, లేవవే సబ్బక్కా, నీ సిగ్గు తగలెయ్య, లే.

బస్సు, మలుపు, రెండో బస్సు రాకపోతే పరుగు, ఆశ్రయం గేటు దగ్గర ముసలాయన గొట్టంతో నేల కడుగుతూ ఆగాడు, ఏం తల్లీ, తిరిగిచ్చెయ్యడానికొచ్చావా, అందరూ అంతే, బొమ్మ అనుకుని పట్టుకుపోతారు, కాదు పెద్దాయనా, గడ్డి కావాలి, గడ్డి బజార్లో కొనుక్కోరాదూ, బజారు గడ్డి కాదు, అది పడుకున్నది, మాసింది, ఎంత మాసిందైతే అంత మంచిది, ఆయన గొట్టం కింద పడేసి నవ్వాడు, ఓరి దేవుడా, ఈ చెత్త ఎత్తుకుపొండిరా అని నెలంతా మొత్తుకున్నా లారీవాడు రాడు, నువ్వు అడుక్కోడానికొచ్చావా, అని, ఆమె మొహం చూసి నవ్వు ఆపి, నేనిచ్చిన సంచీ ఏం చేశావమ్మా అన్నాడు, పారేశాను అంది, ఈసారి సిగ్గు రాలేదు, వచ్చే ఓపిక లేదు, ఆయన తిట్టలేదు, తిడితే బాగుండును, దాని గడ్డి ఎప్పుడో తీసి కుప్పలో కలిపేశాం గానీ దాని తోడబుట్టినవి రెండు ఇక్కడే ఉన్నాయి, వాటి కింది గడ్డి పట్టుకుపో, ఒక కడుపున పుట్టినవి, వాసన ఒకటే, దాని ముక్కుకు తేడా తెలీదు, అంటూ గూట్లోకి వంగి చేతుల్తోనే తీశాడు, తడిసి నల్లబడ్డ గడ్డి, ఆయనిచ్చిన సంచీకి మూతి కట్టే తాడు లేదు, గుండెకు అదిమి పట్టుకుంది, బస్సులో పక్కావిడ ముక్కు మూసుకుని ఏంటండీ అది అంటే మందు అంది, ఆవిడ లేచి వెళ్లి నిలబడింది, నిలబడనీ, చెమటలు కారుతున్నాయి, గడ్డిపరకలు మెడకు అతుక్కున్నాయి, కుందేలుకైతే తోడబుట్టినవి ఉన్నాయి, పిల్లకు తల్లి వాసన ఏ ఆశ్రయంలో దొరుకుతుంది, ఏ ముసలాయన వంగి తీసిస్తాడు, బుడగల నీళ్లలో పోయింది పోయినట్టే, ఎన్ని బస్సులెక్కినా అంతే.

గడ్డి వేసింది, గూటిమీద దుప్పటి సగం కప్పింది, నువ్వు అట్లా గుడ్లప్పగించి చూస్తుంటే అది నిన్ను పులి అనుకుంటుంది అని డాక్టరమ్మ అన్న మాట పట్టుకుని అటు వీపు పెట్టి కూర్చుంది, తలుపు తీసుకుని పిల్ల వచ్చింది, బడి సంచి దించింది, గదంతా కంపు, చచ్చిపోయిందా పెద్దమ్మా, లేదే, తిందా, తెలీదు, చూడకూడదు, ఇటు తిరిగి కూర్చో, పిల్ల పక్కన కూర్చుంది, ఇద్దరూ గోడవైపు చూస్తూ, సున్నం పెచ్చు ఊడిన చోటు చూస్తూ, కిటికీలో వెలుతురు పాచిపోతుంటే, చాలాసేపు ఏమీ లేదు, పళ్లు కొరకడం కూడా ఆగింది, ఆగిందంటే ఏమిటో అడగడానికి ఇద్దరికీ ధైర్యం లేదు, అప్పుడు గడ్డి కదిలింది, కాస్త, పరక ఒకటి లాగిన చప్పుడు, తర్వాత ఎక్కడో చాలా దూరాన ఎవరో ఎండుటాకుల మీద నడిచినట్టు కరకర, ఆగి, మళ్లీ కరకర, బతికిందని కాదు, రాత్రికేమవుతుందో ఎవరికి తెలుసు, పిల్ల తిరిగి చూడలేదు, ఆమె మీదికి ఒరిగింది, మొహం మెడ దగ్గర పెట్టింది, అబ్బా ఒళ్లంతా చెమటే, కంపుకొడుతున్నాను, ఉండు, స్నానం చేసి వస్తా అని ఆమె లేవబోయింది, వద్దు పెద్దమ్మా, కదలకు, అంది పిల్ల, ముక్కు మెడ వంపులో ఆనించి లోపలికి పీల్చింది, తీసి, మళ్లీ ఆనించి పీల్చింది, ఆ చిన్న ముక్కు చర్మం మీద చల్లగా ఆడుతుంటే ఆమె లేవబోయినది కాస్తా కూర్చుండిపోయింది, ఒక కడుపున పుట్టినవి అన్నాడు ముసలాయన, అక్కాచెల్లెళ్లకు చెమట కూడా ఒకటేనేమో, ఈ పిల్ల పక్కలో పడుకునే ముందు రోజూ ఒళ్లు మండేలా సబ్బు రుద్ది, ఇన్నాళ్లూ తను తోమి తోమి తూములోకి వదిలింది చెల్లెల్నే.