ఏటవాలు కాపురం

వీర్రాజు ఇంటికి నాలుగు చక్రాలు. నట్టింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చునే యోగం లోకానికి ఉంటే, వీర్రాజుది నట్టుల మధ్య కూర్చునే జాతకం. తాడేపల్లిగూడెంలో ఎవరో తుక్కు కింద పారేసిన స్కూలు వ్యాను కొని, సీట్లు పీకి, మంచం వేసి, గ్యాసు పొయ్యి పెట్టి, పెళ్ళాం బేబీరాణిని ఎక్కించి దానికి ఇల్లని పేరు పెట్టాడు. కోసిన చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందను ఊరూరా తిప్పేవాడికి కదలని ఇల్లు కుదరదు. ఈ ఇంటి చిక్కల్లా ఒకటే. ఆగితే కదలదు.

బండి సెల్ఫు ఎప్పుడో చచ్చింది. వీర్రాజు సెల్ఫు రెస్పెక్టు మాత్రం చావలేదు కనుక తొయ్యమని ఎవర్నీ అడగడు. ఎక్కడ ఆపినా ముక్కు పల్లానికి పెట్టి, ముందు చక్రం కింద రాయి పెడతాడు. రాయి తీస్తే బండి దొర్లుతుంది. రెండో గేరులో క్లచ్చి వదిలితే ఇంజను దగ్గుతూ లేస్తుంది. హ్యాండ్ బ్రేకు లేదా అంటే, హ్యాండు ఉంది, బ్రేకే లేదు.

కొల్లేరు వైపు పల్లం కావాలంటే చేపల చెరువు గట్టే గతి. పెదపాడు అవతల చంద్రశేఖర్ లీజుకి చేసే చెరువు గట్టు మీద బండి పెట్టాడు. బాతులు చేలో మేసినన్నాళ్ళూ చంద్రశేఖర్ నవ్వుతూ గుడ్లు పట్టుకెళ్ళాడు. నిన్న మంద చెరువులో దిగేసరికి నవ్వు మానేసి గుడ్లురిమాడు.

"చేపపిల్లల్ని మింగేత్తన్నాయిరా నీ బాతులు. పొద్దున్నకి గట్టు ఖాళీ చెయ్యి. లేదా బండి తగలెడతాను."

పొద్దున్నే రాయి తీయబోయిన వీర్రాజుకి బండి కింద డీజిలు మడుగు కనిపించింది. పైపు చిట్లి లైనుకి గాలి పట్టింది. ఆ గాలి తీయకుండా బండి దొర్లించాడో, పల్లం అయిపోతుంది గానీ ఇంజను లేవదు. చిట్లిన ముక్క కోసేసి, పైపు మళ్ళీ బిగించి, ఫిల్టరు నట్టు వదులు చేసి, చేతిపంపు నొక్కసాగాడు. నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, చివరికి చుక్క చుక్కా శుభ్రమైన డీజిలు వచ్చింది. నట్టు బిగించాడు. ఇంజనుకి గాలి తీసే పని అలా పూర్తయిందో లేదో, మనిషికి ఊపిరి తీసేవాళ్ళు దిగారు.

చంద్రశేఖర్, వెనకాల ఇద్దరు పనివాళ్ళు. ముగ్గురి చేతుల్లోనూ వెదురు కర్రలు.

"అయిపోయిందండీ బాబూ, ఒక్క నిమిషవండీ, ఎల్లిపోతన్నానండీ!" అన్నాడు వీర్రాజు.

బాతులు మేపేవాడి బాతాఖానీ వినే ఓపిక చంద్రశేఖర్‌కి లేదు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది నోటి మీద పడి, ముందు పన్ను నోట్లోంచి చేతిలోకి వచ్చింది. మూడోదానికి కర్రే విరిగింది. పనివాళ్ళు గట్టు దిగి మందలో పడ్డారు. మెడలు విరిగిన బాతులు అరవలేక రెక్కలు కొట్టుకున్నాయి. తెల్ల ఈకలు ఎర్రబడి నీళ్ళ మీద తేలాయి.

బేబీరాణి కుతకుతలాడే గంజి గిన్నె పట్టుకుని బండిలోంచి దూకింది. ఒకడి మొహాన కొట్టింది. వాడు కేక పెట్టి, మొహం పట్టుకుని చెరువులో పడ్డాడు. రెండోవాడు కర్రెత్తేలోగా ఆవిడ మళ్ళీ బండెక్కి తలుపు గడియ పెట్టుకుంది.

"అద్దాలు పగలగొట్టి లాగుతానే నిన్ను!" అంటూ చంద్రశేఖర్ విసరడానికి రాయి కోసం చూశాడు. నల్లమట్టి దేశంలో రాయెక్కడిది? గట్టు నిండా బురద. ఉన్నదల్లా ముందు చక్రం కింద ఉన్నదే.

వీర్రాజు బురదలోంచే చేతులు జోడించాడు. "ఏవండీ! ఆ రాయి తియ్యకండి! మీకు దండం పెడతానండీ!"

"తియ్యొద్దా? అద్దం అంత ముద్దొత్తందా? ఇదిగో, తీత్తన్నా!" చక్రానికి ఎదురుగా నిలబడి మడమతో రాయిని తన్నాడు. తడిమట్టి జారింది. రాయి కదిలింది. దాంతోపాటు ఇల్లూ కదిలింది.

చక్రం అతని మోకాలి కింద ఎక్కి దిగింది. పచ్చి కొమ్మ విరిగిన చప్పుడయింది. బేబీరాణి డ్రైవరు సీట్లోకి దూకి, చెరువు వైపు పోతున్న స్టీరింగు తిప్పి, రెండో గేరేసి క్లచ్చి వదిలింది. ఇంజను దగ్గి, నల్లపొగ కక్కి, లేచింది. గట్టు కింద రోడ్డు మీద ఆపి, ఆరిపోకుండా యాక్సిలేటరు తొక్కి పట్టింది.

రెండో పనివాడు చెరువులో పడ్డవాణ్ణి బయటికి లాగి, వాణ్ణి తీసుకుని ఊళ్ళోకి పరుగు. వీర్రాజు లేచాడు. చేతికి వీల్ స్పానరు దొరికింది. చంద్రశేఖర్ బురదలో వెల్లకిలా ఉన్నాడు. పిక్క చీల్చుకుని ఎముక తెల్లగా బయటికొచ్చింది.

"చంపరా! చంపితే మావోళ్ళు నీ బండి బూడిద చేత్తారు!"

వీర్రాజు భుజం మీద ఒక్కటి వేశాడు. భుజం కుంగింది. చేతికి హాయిగా తగిలింది ఆ దెబ్బ. అంత హాయిగా తగిలినందుకే భయమేసింది. అయినా స్పానరు మళ్ళీ లేచింది, ఈసారి తలకి.

"ఏవండోయ్!" బేబీరాణి కిటికీలోంచి అరిచింది. "వాడు బతికుంటే తగలెట్టేది ఒక్కడండీ! పోతే ఊరంతానండీ! ఎక్కించండి, కాలు తిమ్మిరెక్కిపోతంది!"

స్పానరు దించడానికి, ఎత్తినదానికన్నా ఎక్కువ బలం కావలసి వచ్చింది. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చి తమ మంచం మీదే పడేశాడు. పాత ఫ్యాను బెల్టు తొడకి బిగించి కట్టాడు. బేబీరాణి బండిని ఏలూరు దారి పట్టించింది. దారంతా చంద్రశేఖర్ మూలుగుకీ మూలుగుకీ మధ్య ఒక తిట్టు తిట్టాడు. ఒకసారి మంచం మీంచే వీర్రాజు మెడ పట్టుకున్నాడు. వీర్రాజు బెల్టు కొంచెం వదులు చేశాడు. రక్తం చివ్వున చిమ్మింది. మెడ మీది చెయ్యి దానంతటదే జారింది. బెల్టు మళ్ళీ బిగిసింది.

"మీకింక తిట్లు చాలండీ, రక్తం దాచుకోండి," అన్నాడు వీర్రాజు ఊడిన పన్ను సందులోంచి.

ఏలూరు ఆసుపత్రి గేటు ముందు నేల చదును. బేబీరాణి కాలు తీయగానే ఇంజను ఆరిపోయింది. ఊళ్ళోంచి వెళ్ళిన ఫోనుతో పోలీసులు అప్పటికే అక్కడున్నారు. చంద్రశేఖర్‌ని స్ట్రెచరు మీద లోపలికీ, వీర్రాజుని జీపులోకీ ఎక్కించారు. బండిని కేసు కింద స్వాధీనం చేసుకున్నామన్నారు.

"దిగమ్మా," అన్నాడు ఎస్సై.

"దిగడానికి ఇది బండి కాదండీ, మా ఇల్లండీ. నేను ముద్దాయినా? కాదు కదండీ. మరి నా ఇంట్లోంచి నన్నెందుకు దిగమంటారు?"

ఎస్సై మంచం మీద గడ్డకట్టిన రక్తం చూసి, తొయ్యమని చెయ్యి ఊపాడు. కానిస్టేబుళ్ళు ఇల్లాలితో సహా ఇంటిని స్టేషను ఆవరణలోకి తోసుకుపోయారు.

సాయంత్రానికి చంద్రశేఖర్ మనుషులు డీజిలు క్యానుతో వచ్చారు. గోడవతల చాలాసేపు తచ్చాడారు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సెంట్రీని చూసి, క్యాను చెట్టు చాటున పెట్టి, బీడీలు కాల్చి పోయారు.

లాకప్ ఊచల్లోంచి వీర్రాజు ఇదంతా చూశాడు. మూతి వాచింది, బాతులు పోయాయి, భుజాలు లేవడం లేదు. ఆవరణలో బేబీరాణి మంచం బయటికి లాగి, బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టి, చీపురుతో పరపరా రుద్దుతోంది. నీళ్ళు ఎర్రగా స్టేషను మెట్ల దాకా పారాయి.

"ఇక్కడైతే ఎవడూ తగలెట్టలేడండీ!" అని కేకేసింది.

"అయితే బెయిలు తొందరపడి తేకే," అన్నాడు వీర్రాజు.